పంది పేగు, సముద్ర దోసకాయ

డయాలసిస్ యంత్రంలోకి వెళ్లిన నెత్తురు గొట్టాల్లో గడ్డకట్టకుండా మళ్లీ ఒంట్లోకి చేరుతోందంటే అది హెపారిన్ చలవ. స్టెంటు వేసేటప్పుడూ, బైపాస్ ఆపరేషన్‌లో గుండెను ఆపి నెత్తురును యంత్రం మీద తిప్పేటప్పుడూ అదే మందు. కోవిడ్ రోజుల్లో వార్డుల్లో పొట్ట మీద పొడిచిన సూదులు చాలావరకు దాని సంతానమే. అది ఎక్కడినుంచి వస్తుందో మాత్రం వేయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. పంది చిన్నపేగు లోపలి పొర నుంచి వస్తుంది.

దీనికి సముద్రంలో బదులు దొరికిందన్న మాట ముప్పై ఏళ్లుగా వినిపిస్తోంది. ఆల్చిప్పలు, రొయ్యలు, సీ అర్చిన్లు అంటూ వరస పెద్దదే. వాటిలో గట్టి పోటీదారు సముద్ర దోసకాయ. పేరులో కాయ ఉన్నా అది జంతువే, నక్షత్ర చేపకు చుట్టం. దాని ఒంటి గోడలో పొడవాటి చక్కెర గొలుసులు ఉంటాయి. ఫ్యూకోసిలేటెడ్ కాండ్రాయిటిన్ సల్ఫేట్ అని శాస్త్రవేత్తలు పెట్టిన పేరు నోరు తిరగనిది. ఈ వ్యాసం మేరకు దాన్ని సముద్ర చక్కెర అంటాను. రసాయనంలో చక్కెర అన్నమాటే గానీ నాలుక మీద తీపి ఉండదు.

ఇలాంటి సంగతి వార్తల్లోకి వచ్చేసరికి తీర్పు ముందే తయారై ఉంటుంది: సముద్రంలో పుట్టింది గనుక సహజం, సహజం గనుక మేలు. పంది పేగు సహజం కాదా అని ఎవరూ అడగరు. పరిశోధన పత్రాలూ ఈ విషయంలో పూర్తిగా నిర్దోషులు కావు. హెపారిన్‌ను మొదటి వాక్యంలో దుష్టపాత్రగా నిలబెట్టి, దాని దోషాలన్నీ ఏకరువు పెట్టి, ఆ తర్వాత తమ సముద్ర జీవిని ప్రవేశపెట్టడం ఈ రంగంలో స్థిరపడిపోయిన పద్ధతి. ఎనభై ఏళ్లకు పైగా ఆసుపత్రుల్లో తిరిగిన మందు తప్పులన్నీ బయటపడి ఉంటాయి. ఆసుపత్రి వాడకానికే రాని పదార్థానికి తప్పులు చేసే అవకాశమే రాలేదు. ఈ తేడా గుర్తుంచుకునే రెంటినీ పక్కపక్కన పెట్టాలి.

రెండూ అనుకోకుండా దొరికినవే. 1916లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి తన గురువు విలియం హోవెల్ అప్పజెప్పిన పని చేస్తున్నాడు. నెత్తురును గడ్డకట్టించే పదార్థాన్ని శుద్ధి చేయాలన్నది పని. కుక్క కాలేయం నుంచి తీసిన సారం తిరగబడి గడ్డకట్టడాన్ని ఆపింది. మెక్లీన్ చూసింది ఇవాళ్టి హెపారిన్ కాదనీ, తర్వాత హోవెల్ వేరుచేసినదే అసలుదనీ ఒక వాదన ఉంది. ఎవరిదైతేనేం, వెతికింది ఒకటి, దొరికింది దానికి సరిగ్గా ఎదురుది. 1930ల్లో టొరంటోలో చార్లెస్ బెస్ట్ బృందం దాన్ని మనిషికి ఎక్కించగలిగేంత శుద్ధి చేసింది. ఇన్సులిన్ కథలో బాంటింగ్ పక్కన కనిపించే బెస్ట్ ఈయనే.

హెపారిన్ మన ఒంట్లోనూ ఉంది, కానీ నెత్తురు పల్చగా ఉంచడం దాని ఉద్యోగం కాదు. మాస్ట్ కణాలనే రక్షణ కణాల సంచుల్లో, అక్కడి ఎంజైములను అంటిపెట్టుకుని ఉంటుంది. సముద్ర దోసకాయ సంగతీ అంతే. ఆ చక్కెర దాని ఒంటి గోడలో భాగం. మన నెత్తురును గడ్డకట్టించే థ్రాంబిన్‌తో దానికి ఏ పనీ లేదు. మందుగా పనికొచ్చే గుణం రెంటిలోనూ యాదృచ్ఛికం. అందుకే కోట్ల ఏళ్ల పరిణామం సానబెట్టిన మందు అనే ఉపన్యాసం ఇక్కడ చెల్లదు. అది చెల్లేది జలగకు, పాముకు. నెత్తురు తాగడానికి జలగకు గడ్డకట్టనివ్వని హిరుడిన్ కావాలి. వేటను పడగొట్టడానికి పాముకు విషం కావాలి. మన చేలల్లో తిరిగే చిన్నపింజరి విషంలోని ఒక ప్రొటీన్‌ను చూసి తీర్చిదిద్దినదే టైరోఫిబాన్, గుండెపోటు రోగులకు ఇచ్చే మందు. ఆ జీవులకు మన నెత్తురుతో పాత లావాదేవీలున్నాయి. సముద్ర దోసకాయకు లేవు.

ఇక పనితీరు. నెత్తురు గడ్డకట్టడం వరస పని. ఒక ప్రొటీన్ ఇంకోదాన్ని మేల్కొలుపుతుంది, అది మరోదాన్ని. వీటిని ఫ్యాక్టర్లని అంకెలతో పిలుస్తారు. చివరికి థ్రాంబిన్ లేచి ఫైబ్రిన్ దారాలు అల్లిస్తుంది. దీన్ని అదుపులో ఉంచడానికి యాంటీథ్రాంబిన్ అనే ప్రొటీన్ మన నెత్తురులోనే తిరుగుతుంటుంది, కాకపోతే నింపాదిగా. హెపారిన్ గొలుసులో ఐదు చక్కెరల వరస ఒకటి ఉంది. అది యాంటీథ్రాంబిన్‌ను పట్టుకుని దాని వేగాన్ని దాదాపు వెయ్యి రెట్లు పెంచుతుంది. పంది పేగు నుంచి తీసిన గొలుసుల్లో ఈ ఐదు చక్కెరల వరస ఉండేది సుమారు మూడో వంతు వాటిలోనే. మిగతావి ఈ పనికి పెద్దగా అక్కరకు రావు.

సముద్ర చక్కెర దారి వేరు. దాని వెన్ను కాండ్రాయిటిన్. మన మృదులాస్థిలో ఉండేదీ, మోకాళ్ల నొప్పుల మాత్రల్లో అమ్మేదీ అదే. ఆ వెన్నుకు ఫ్యూకోజ్ అనే చక్కెర కొమ్మలు, కొమ్మలకు సల్ఫేట్లు ఉంటాయి. 1996లో రియో డి జనేరోలో పౌలో మౌరావ్ బృందం ఆ కొమ్మలు నరికేసి చూసింది. నరికాక మందు గుణం పోయింది. అంటే శక్తి అంతా కొమ్మల్లోనే ఉంది. అంతకు ఏడాది ముందు జపాన్ పరిశోధకులు ఈ గొలుసును చిన్న ముక్కలు చేసి ఇంకో సంగతి తేల్చారు. తొమ్మిదో ఫ్యాక్టరూ ఎనిమిదో ఫ్యాక్టరూ జతకట్టి పదోదాన్ని మేల్కొలిపే చోట ఇది అడ్డుపడుతుంది. అందుకు యాంటీథ్రాంబిన్ సాయం అక్కర్లేదు.

సముద్ర చక్కెర పక్షాన చెప్పే అతి బలమైన వాదన ఇక్కడే మొదలవుతుంది. హెపారిన్ గడ్డకట్టే వరసలో చివరి మెట్లను, థ్రాంబిన్‌నూ పదో ఫ్యాక్టర్‌నూ పట్టుకుంటుంది. అందువల్ల గాయమైనప్పుడు ఆగాల్సిన నెత్తురు కూడా ఆగదు. సముద్ర చక్కెర ఒక మెట్టు పైన అడ్డుపడుతుంది గనుక లోపలి గడ్డ ఆగుతుంది, బయటి గాయం మాత్రం మూసుకుంటుందని ఆశ. జంతువుల్లో చేసిన ప్రయోగాల్లో రక్తస్రావం తక్కువగానే కనిపించింది. వాదన అందంగానే ఉంది. కానీ ఎనిమిదో ఫ్యాక్టర్ లేకపోతే వచ్చేది హీమోఫీలియా ఏ, తొమ్మిదోది లేకపోతే వచ్చేది హీమోఫీలియా బి. ఆ జతను అడ్డుకోవడమంటే కొలతవేసి కొంచెం హీమోఫీలియా తెప్పించడమే. ఆ కొలత ఎంతన్నది మనుషుల్లో తేలాలి, ఎలుకల్లో కాదు.

రక్తస్రావం తగ్గితే చాలదు, గడ్డ కూడా ఆగాలి. ఈ పాఠం ఈ మధ్యే ఖరీదుగా అందింది. వరసలో ఇంకో పై మెట్టును, పదకొండో ఫ్యాక్టర్‌ను, ఆపే అసుండెక్సియన్ అనే మాత్రను గుండె లయ తప్పినవాళ్లలో, ఇప్పటికే వాడుకలో ఉన్న అపిక్సబాన్ మాత్రతో పోల్చి చూశారు. పక్షవాతాన్ని ఆపడంలో వెనకబడిందని 2023లో ఆ పరీక్షను మధ్యలోనే నిలిపేశారు. ఆ మందు వేరు, ఆ జబ్బు వేరు, నిజమే. అయినా పై మెట్టు దగ్గర ఆపితే అన్ని విధాలా మేలన్నది స్వయంసిద్ధ సత్యం కాదని అది గట్టిగానే చెప్పింది.

రెండో వాదన నోటి ద్వారా వాడకం. హెపారిన్‌ను మింగితే పని చేయదు, సూదే గతి. 2006లో రియో బృందమే సముద్ర చక్కెరను ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి, గడ్డలను ఆపుతోందని చూపింది. కాండ్రాయిటిన్‌ను తుంచే ఎంజైములను ఫ్యూకోజ్ కొమ్మలు దగ్గరికి రానివ్వవన్నది దీనికి కారణం కావచ్చు. 1996లో ఇది గొప్ప వార్త అయ్యేది. ఇప్పుడు అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగాట్రాన్ మాత్రలు మన వీధి మెడికల్ షాపుల్లోనే దొరుకుతున్నాయి. నోటి ద్వారా అన్న మాట ఒక్కదానితో ఇక ఎవరూ పందెం గెలవలేరు.

ఇంతవరకూ జరిగింది మర్యాదైన పోటీ. 2008 దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు పదార్థాల కథలు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. సముద్ర మందుల మీద వచ్చే ఉత్సాహపు వ్యాసాలు ఈ ఘట్టాన్ని ముట్టుకోకుండా దాటేయడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

2007 చివర్లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఒక పిల్లల ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటున్న పిల్లలకు ఉన్నట్టుండి ముఖాలు వాచాయి, బీపీ పడిపోయింది. ఆరా తీస్తే దేశమంతటా అలాంటివే బయటపడ్డాయి. పదుల సంఖ్యలో మరణాలకు దీనితో సంబంధం ఉందని లెక్క తేలింది. చైనా నుంచి వచ్చిన ముడి హెపారిన్‌లో వేరే పదార్థం కలిసింది. అది కాండ్రాయిటిన్ గొలుసుకు రసాయనంతో అదనంగా సల్ఫేట్లు తగిలించి తయారుచేసినది. చవక. అప్పటి పరీక్షల్లో అచ్చం హెపారిన్ లాగే నటించింది. అణువుల నిర్మాణాన్ని చూపే ఎన్‌ఎంఆర్ లాంటి యంత్రంలో పెడితే తప్ప దొరకలేదు. అది నెత్తురులోని పన్నెండో ఫ్యాక్టర్‌ను లేపి, దాని ద్వారా రక్తనాళాలను వదులుచేసే బ్రాడీకైనిన్‌ను పుట్టించి బీపీని కూలుస్తుందని ఆ ఏడాదే నిరూపించారు.

సల్ఫేట్లు ఎక్కువగా తగిలించిన కాండ్రాయిటిన్ ప్రాణాలు తీసింది. మరి సముద్ర చక్కెర ఏమిటి? సల్ఫేట్లు ఎక్కువగా ఉన్న కాండ్రాయిటినే. ఒకదానికి సల్ఫేట్లు ఫ్యాక్టరీలో తగిలించారు, ఇంకోదానికి సముద్రంలో తగిలాయి. ఈ ప్రశ్న వేసింది బయటి విమర్శకులు కాదు, సముద్ర చక్కెరను ఇన్నాళ్లు భుజాన మోసిన రియో బృందమే. రెంటినీ పక్కపక్కన పరీక్షించి 2010లో తమ పదార్థం కూడా పన్నెండో ఫ్యాక్టర్‌ను లేపుతోందనీ, ఎలుకల్లో బీపీని పడగొడుతోందనీ అచ్చు వేశారు. తాము పెంచి పోషించిన అభ్యర్థికి వ్యతిరేకంగా తామే సాక్ష్యం చెప్పడం పరిశోధనలో తరచుగా కనిపించే దృశ్యం కాదు. ఈ రంగంలో నేను ఎక్కువ గౌరవించే పత్రం అదే. సముద్రం నుంచి వచ్చింది గనుక మేలు అనే వాక్యం ఆ పత్రం తర్వాత ఎవరూ రాయకుండా ఉండాల్సింది. రాస్తూనే ఉన్నారు.

దీనికి విరుగుడు ముక్కలు చేయడంలో దొరికింది. చైనాలోని కున్‌మింగ్ వృక్షశాస్త్ర సంస్థ పరిశోధకులు సముద్ర చక్కెరను పద్ధతిగా తుంచుకుంటూ పోయి, 2015లో తొమ్మిది చక్కెరల ముక్క దగ్గర ఆగారు. తొమ్మిది-ఎనిమిది జతను అడ్డుకోవడానికి అంత ఉంటే చాలు. పొడవు తగ్గేకొద్దీ పన్నెండో ఫ్యాక్టర్‌ను లేపే దుర్గుణమూ ప్లేట్‌లెట్లను గుంపుకట్టించే దుర్గుణమూ తగ్గాయి. హెపారిన్ కూడా ఇదే దారిలో నడిచింది. దాని ఐదు చక్కెరల వరసను పందితో పని లేకుండా ప్రయోగశాలలోనే కట్టి, ఫోండాపారినక్స్ పేరుతో మందు చేశారు. అమెరికాలో దానికి 2001లో అనుమతి వచ్చింది. అటు ఐదు, ఇటు తొమ్మిది. రెండు వైపులా మందు తయారైన కొద్దీ జంతువు తెరమరుగవుతోంది. తొమ్మిది చక్కెరల ముక్క రేపు సీసాలోకి ఎక్కితే దాని మీద సముద్రం బొమ్మ వేయడం ఫోండాపారినక్స్ మీద పంది బొమ్మ వేయడం లాంటిది.

పందిని వదిలించుకున్నప్పుడు ఫోండాపారినక్స్ ఇంకోటి కూడా పోగొట్టుకుంది, అదే విరుగుడు. హెపారిన్ ఎక్కువైతే ప్రోటమైన్ సూది వేస్తారు, కొద్ది నిమిషాల్లో లెక్క సరిపోతుంది. బైపాస్ ఆపరేషన్ ముగింపులో దాదాపు ప్రతిసారీ జరిగే పని ఇది. ఫోండాపారినక్స్ మీద ప్రోటమైన్ పని చేయదు. ఆ ప్రోటమైన్ పుట్టిల్లు సాల్మన్ చేప వీర్యం. 1874లో ఫ్రీడ్రిక్ మీషర్ రైన్ నది సాల్మన్ల నుంచి దాన్ని వేరుచేశాడు. చేప పడనివాళ్లకు ఇచ్చేటప్పుడు డాక్టర్లు ఇప్పటికీ జాగ్రత్త పడతారు.

ఆపరేషన్ థియేటర్‌లోకి సముద్రం ఎప్పుడో అడుగు పెట్టింది, కానీ హెపారిన్ పనిని రద్దు చేసే పాత్రలో. గుర్రపునాడా పీత నెత్తురు బాక్టీరియా విషం తగిలితే గడ్డకడుతుంది. సూదిమందుల శుభ్రతను ఆ గుణంతోనే పరీక్షిస్తారు. రొయ్య పొట్టు నుంచి తీసిన కైటోసాన్ కట్లను అమెరికా సైన్యం ఇరాక్‌లో, అఫ్ఘానిస్థాన్‌లో గాయాల నెత్తురు ఆపడానికి వాడింది. ఈ రంగంలో సముద్ర జంతువులు వైద్యానికి ఖాయంగా ఇచ్చినవన్నీ గడ్డకట్టే పక్షానివే. చేపనూనె సంగతి కొందరికి గుర్తొస్తుంది. అది ట్రైగ్లిజరైడ్ల మందు, గడ్డలను ఆపే మందుగా దానికి గుర్తింపు లేదు. గడ్డకట్టనివ్వని పక్షాన సముద్ర జంతువుల ఖాతా ఇప్పటికి వాగ్దానమే.

మందు గుణం పక్కనపెట్టి సరఫరా చూస్తే పోలిక ఇంకా పదునెక్కుతుంది. హెపారిన్ కోసం ఎవరూ పందిని చంపరు. మాంసానికి కోసిన పంది పేగు ఎలాగూ మిగులుతుంది. ప్రపంచంలో దాదాపు సగం పందులు చైనావి కావడం దాని బలహీనత. 2018లో మొదలైన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అక్కడి మందలను ఊడ్చేస్తే ముడి హెపారిన్ ధర ఆకాశానికి ఎక్కింది. ఆ దెబ్బ మన దాకా వచ్చింది. 2020 జూన్ ఆఖరున, కోవిడ్ నడిమధ్యలో, మన దేశంలో ధరల నియంత్రణ సంస్థ హెపారిన్ సూది గరిష్ఠ ధరను 50 శాతం పెంచుకోనిచ్చింది. హైదరాబాద్ ఫార్మా చరిత్రకూ ఈ మందుతో పాత చుట్టరికం ఉంది. 1978లో మొదలైన గ్లాండ్ ఫార్మా పేరు తెచ్చుకున్నది హెపారిన్‌తోనే.

సముద్ర దోసకాయకు ఈ మిగులు లెక్క వర్తించదు. మందు ఉన్నది దాని ఒంటి గోడలో, తినేదీ ఆ గోడే. కనుక ఒక్కో గ్రాము మందుకూ జంతువును పట్టి చంపాల్సిందే. చైనాలో దాన్ని చెరువుల్లో ఏటా లక్ష టన్నులకు పైగా పెంచుతారు. అంటే పంది విషయంలో ఏ దేశం మీద ఆధారపడ్డామో మళ్లీ ఆ దేశం గుమ్మం దగ్గరే నిలబడతాం. మన నీళ్లలో వాటిని ముట్టుకోవడమే నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోకి 2001లో సముద్ర దోసకాయలను చేర్చారు. అయినా మన్నార్ సింధుశాఖ నుంచి శ్రీలంకకు దొంగరవాణా ఆగలేదు. 2020లో లక్షద్వీప్‌లో చెరియపాణి దగ్గర వాటికంటూ ఒక రక్షిత ప్రాంతాన్నే ప్రకటించాల్సి వచ్చింది. రుచి కోసమే ఇంత దోపిడీ జరుగుతుంటే, గుండెజబ్బుకు మందు అన్న మాట కూడా తోడైతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇంకో చిక్కు ఉంది: ఏ దోసకాయ? సుమారు 1,700 జాతులున్నాయి, కొమ్మల మీద సల్ఫేట్ల అమరిక జాతికో రకం. హెపారిన్‌కైతే 1942 నుంచి అంతర్జాతీయ కొలమానం ఉంది, యూనిట్లలో రాస్తే ఏ దేశపు నర్సుకైనా అర్థమవుతుంది.

పేగులాగా పారేసే వస్తువు సముద్రం వైపు వెతికితే నాకు కనిపించేది రొయ్య తల. దేశంలో పెంపకపు రొయ్యల్లో సింహభాగం ఆంధ్ర చెరువులది. భీమవరం చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు తీసేసి తోకలు ఎగుమతి చేస్తారు. మన చెరువుల్లోని వనామీ రొయ్య తల నుంచే బ్రెజిల్ పరిశోధకులు హెపారిన్‌ను పోలిన చక్కెరను 2008 నాటికే వేరుచేశారు. గడ్డను ఆపే శక్తి తక్కువ, వాపు తగ్గించే గుణం మెరుగు అని తేలింది. గడ్డల మందుగా చూస్తే సముద్ర దోసకాయతో అది తూగదు. ముడిసరుకుగా చూస్తే సముద్ర దోసకాయ దానితో తూగదు. ఈ రెండు గుణాలూ ఒకే సముద్ర జంతువులో ఇంకా దొరకలేదు, పందిలో దొరికాయి.

పంది మీద ఆధారం తగ్గించుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కొన్నేళ్లుగా చూస్తోంది. అది ప్రోత్సహిస్తున్నది ఆవు హెపారిన్‌ను, పిచ్చి ఆవు వ్యాధి భయంతో 1990ల్లో అక్కడ పక్కనపెట్టిన మందునే. పంది వద్దనేవాళ్లూ ఆవు వద్దనేవాళ్లూ పక్కపక్క మంచాల మీద పడుకునే మన ఆసుపత్రులకు అది సుఖమైన జవాబు కాదు. సముద్ర చక్కెరకు నిజమైన గిరాకీ పుట్టే చోటు ఇదే అనుకుంటాను. కాకపోతే ఆ గిరాకీ తీర్చేది కున్‌మింగ్ వాళ్ల తొమ్మిది చక్కెరల ముక్క కావాలి, అదీ సముద్రంలోంచి పట్టినది కాకుండా ప్రయోగశాలలో కట్టినదై ఉండాలి. దానికంటే ముందు అది మనుషుల్లో పరీక్షలకు నిలవాలి.